పిడికిలికి శిక్ష, విగ్రహానికి దండ



2019లో అమెరికా ఒలింపిక్, పారాలింపిక్ కమిటీ రెండు పనులు చేసింది. ఆగస్టులో గ్వెన్ బెరీ అనే క్రీడాకారిణికి ఒక మందలింపు ఉత్తరం పంపింది. ఆవిడది హ్యామర్ త్రో. నల్లజాతి మహిళ. పెరూ రాజధాని లిమాలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో బంగారు పతకం గెలిచి, జాతీయగీతం ముగుస్తున్న సమయంలో పిడికిలి పైకెత్తింది. 12 నెలలు ప్రొబేషన్‌లో ఉంటావు, మళ్ళీ ఇలాంటిది చేస్తే శిక్ష గట్టిగా ఉంటుంది అని ఆ ఉత్తరం సారాంశం. నవంబరు వచ్చింది. అదే కమిటీ డెబ్బై దాటిన ఇద్దరు మాజీ పరుగువీరులను పిలిచి తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. వాళ్ళు టామీ స్మిత్, జాన్ కార్లోస్. లోకం వాళ్ళను గుర్తుపెట్టుకున్నది దేనికి? 1968లో పతకాల వేదిక మీద, జాతీయగీతం వినిపిస్తుండగా, పిడికిలి పైకెత్తినందుకు.

ఒకే సంస్థ. ఒకే సంవత్సరం. ఒకే పిడికిలి. ఒకరికి హెచ్చరిక, ఇద్దరికి సన్మానం.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటాం మనం. స్మిత్, కార్లోస్ చచ్చిపోలేదు, సన్మానం నాడు వేదిక మీదే ఉన్నారు. కానీ వాళ్ళ నిరసన వల్ల ఇబ్బంది పడాల్సిన పెద్దలు మాత్రం ఎవరూ మిగల్లేదు. తమ జాతికి జరుగుతున్న అన్యాయం గురించి ఆటగాళ్ళు గొంతు విప్పినప్పుడు జనం ఎలా స్పందిస్తారు, ఎప్పుడు తిడతారు, ఎప్పుడు పూలదండ వేస్తారు అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ముందు 1968 సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. ఆ ఫొటో చూసినవాళ్ళు కోట్లమంది ఉంటారు. ఫొటోకు ముందూ వెనకా జరిగింది తెలిసినవాళ్ళు తక్కువ.

టామీ స్మిత్ టెక్సాస్‌లో పుట్టాడు. ఇంట్లో పన్నెండు మంది పిల్లలు. ఊరి పొలాల్లో పత్తి ఏరుకుని బతికిన కుటుంబం. జాన్ కార్లోస్ న్యూయార్క్‌లోని హార్లెం వాడు, తండ్రిది చెప్పులు బాగుచేసే దుకాణం. ఇద్దరూ కాలిఫోర్నియాలో శాన్ హోసే స్టేట్ కాలేజీలో చేరారు. ఇవాళ మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్న శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ అదే. అక్కడ హ్యారీ ఎడ్వర్డ్స్ అనే యువ సామాజికశాస్త్ర అధ్యాపకుడు 1967లో ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. దాని పేరు మానవహక్కుల ఒలింపిక్ ప్రాజెక్టు. వాళ్ళ కోరికలు చాలా స్పష్టంగా ఉన్నాయి. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాను, రొడీషియాను ఒలింపిక్స్‌కు రానివ్వకూడదు. బాక్సర్ మహమ్మద్ అలీ దగ్గర లాక్కున్న ప్రపంచ టైటిల్ తిరిగి ఇవ్వాలి. నల్లజాతి కోచ్‌లను ఎక్కువమందిని తీసుకోవాలి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ దిగిపోవాలి.

ఈ కోరికలు తీరకపోతే ఒలింపిక్స్‌కే వెళ్ళకూడదని మొదట అనుకున్నారు. అందరూ ఒప్పుకోలేదు. చివరికి, వెళ్దాం, ఎవరికి తోచిన రీతిలో వాళ్ళు తమ మాట చెబుదాం అని తేల్చుకున్నారు. 1968 ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. మెక్సికో నగరంలో ఆటలు మొదలు కావడానికి పది రోజుల ముందు, అక్టోబరు 2న, తలతెలోల్కో కూడలిలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ కాల్పుల తర్వాత కూడా ఆటలు యథాప్రకారం మొదలయ్యాయి.

అక్టోబరు 16. రెండు వందల మీటర్ల ఫైనల్. సెమీఫైనల్లో స్మిత్‌కు తొడ దగ్గర కండరం పట్టేసింది. అయినా దిగాడు. గీత దాటకముందే రెండు చేతులూ పైకెత్తేశాడు. 19.83 సెకన్లు, ప్రపంచ రికార్డు. కార్లోస్ రెండో స్థానంలో వస్తున్నాడని అందరూ అనుకుంటున్న సమయంలో, పక్కనుంచి పీటర్ నార్మన్ అనే ఆస్ట్రేలియా తెల్ల కుర్రాడు దూసుకొచ్చి 20.06 సెకన్లలో ముగించాడు. కార్లోస్ మూడో స్థానం.

పతకాల కోసం వేచి ఉన్న ఆ కొద్దిసేపట్లో ముగ్గురి మధ్యా మాటలు నడిచాయి. నల్ల చేతితొడుగులు వేసుకుని వేదిక ఎక్కాలని స్మిత్, కార్లోస్‌ల ఆలోచన. తీరా చూస్తే కార్లోస్ తన జత క్రీడాగ్రామంలోనే మరచిపోయి వచ్చాడు. ఉన్న ఒక్క జతనూ చెరొకటి వేసుకోండి అని సలహా ఇచ్చింది నార్మన్. స్మిత్ కుడి పిడికిలి, కార్లోస్ ఎడమ పిడికిలి ఎత్తడానికి కారణం అదే. మీ ఉద్యమం బ్యాడ్జీ నాకూ కావాలి అని నార్మన్ అడిగాడు. అమెరికా పడవ పందేల జట్టులోని పాల్ హాఫ్‌మన్ అనే తెల్ల కుర్రాడు తన బ్యాడ్జీ తీసి ఇచ్చాడు.

వేదిక మీద స్మిత్, కార్లోస్ కాళ్ళకు బూట్లు లేవు, నల్ల మేజోళ్ళే. అది తమవాళ్ళ పేదరికానికి గుర్తు. స్మిత్ మెడలో నల్ల కండువా. కార్లోస్ మెడలో పూసల దండ, మూకలు చెట్లకు వేలాడదీసి చంపిన నల్లవాళ్ళ జ్ఞాపకంగా. కార్లోస్ జాకెట్ జిప్పు తీసేసి ఉంది, ఒళ్ళొంచి పనిచేసే కూలీల తరఫున. ముగ్గురి ఛాతీ మీదా ఆ గుండ్రటి బ్యాడ్జీ. గీతం మొదలవగానే ఇద్దరూ తలలు వంచి పిడికిళ్ళు ఎత్తారు. నార్మన్ ఎదురుగా చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. ఒక్క మాట లేదు, ఒక్క నినాదం లేదు. ఎవరినీ తిట్టలేదు, దేన్నీ తగలబెట్టలేదు. గీతం అయిపోయేదాకా అలాగే నిలబడి, దిగిపోయారు. దిగుతుండగా స్టేడియంలో ఈలలు, కేకలు, తిట్లు.

బ్రండేజ్ మండిపడ్డాడు. ఒలింపిక్స్‌లో రాజకీయాలా అన్నాడు. వీళ్ళిద్దరినీ పంపించకపోతే అమెరికా జట్టు మొత్తాన్నీ పంపించేస్తామని ఒలింపిక్ కమిటీ బెదిరించింది. అమెరికా కమిటీ వాళ్ళను జట్టులోంచి తప్పించింది, క్రీడాగ్రామం వదిలి వెళ్ళమంది. పతకాలు కూడా లాక్కున్నారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, పతకాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈ బ్రండేజ్ మహాశయుడే 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అమెరికా ఒలింపిక్ కమిటీకి అధిపతి. అక్కడ జర్మనీ ఆటగాళ్ళు వేదికల మీద నాజీ వందనం చేస్తుంటే ఆయనకు అందులో రాజకీయం కనిపించలేదు. బ్రెంట్ మస్‌బర్గర్ అనే షికాగో పత్రికా రచయిత మాత్రం స్మిత్, కార్లోస్‌లను నాజీల తుఫాను దళాలతో పోల్చాడు. నాజీ వందనం చేసినవాళ్ళు క్రీడాకారులట, వివక్షను ప్రశ్నించినవాళ్ళు నాజీలట!

ఇంటికి వెళ్ళాక చంపుతామని బెదిరింపులు. ఉద్యోగాలు దొరకడం కష్టమైంది. ఒలింపిక్ ఛాంపియన్ అన్న పేరు అన్నం పెట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాతే స్మిత్ కాలేజీ కోచ్‌గా, కార్లోస్ బడిలో కౌన్సెలర్‌గా కుదురుకోగలిగారు.

అవే ఆటల్లో ఇంకో నిరసన కూడా జరిగింది. దాన్ని దీని పక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఆగస్టులో సోవియట్ ట్యాంకులు చెకోస్లొవేకియాలోకి చొరబడ్డాయి. ఆ దేశపు జిమ్నాస్ట్ వేరా చాస్లావ్‌స్కా వేదిక మీద సోవియట్ గీతం వినిపిస్తున్నప్పుడు తల వంచి పక్కకు తిప్పుకుంది. అదీ గీతానికి వ్యతిరేకంగా, అదీ పతకాల వేదిక మీదే. ఒలింపిక్ కమిటీ ఆమెను ఏమీ అనలేదు. పశ్చిమ దేశాల జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఇంటికి వెళ్ళాక ఆమె గతి ఏమైంది? సొంత ప్రభుత్వం ఆటకు దూరం చేసింది, ఏళ్ళ తరబడి పని దొరకనివ్వలేదు.

అంటే ప్రేక్షకుడు నిరసనను కొలిచేది దూరంతో. పరాయి దేశంలో జరిగే అన్యాయం మీద పోరాడేవాడు వీరుడు. మన గుమ్మం ముందు నిలబడి అడిగేవాడు కృతఘ్నుడు. కాలంలో దూరమైనా అంతే. యాభై ఏళ్ళ కిందటి పిడికిలికి దండ వేస్తాం, ఇవాళ్టి పిడికిలికి ఉత్తరం పంపిస్తాం. దూరం పెరిగేకొద్దీ గౌరవం పెరుగుతుంది.

ఆ ఆటల్లోనే వయోమియా టయస్ అనే నల్లజాతి అమ్మాయి వంద మీటర్ల పరుగులో వరుసగా రెండో ఒలింపిక్స్‌లోనూ బంగారం గెలిచింది. అంతకుముందు మగవాళ్ళలో కూడా ఎవరూ చేయని పని అది. రిలేలో వచ్చిన పతకాన్ని ఆమె స్మిత్, కార్లోస్‌లకు అంకితం ఇచ్చింది. ఉద్యమం నడిపిన మగవాళ్ళు అంతకుముందు ఆడపిల్లలను పెద్దగా సంప్రదించింది లేదు. పత్రికలూ ఆమె మాటను పెద్దగా పట్టించుకోలేదు. మరోపక్క జార్జ్ ఫోర్‌మన్ అనే పందొమ్మిదేళ్ళ నల్లజాతి బాక్సర్ బంగారం గెలిచి చేతిలో చిన్న అమెరికా జెండా ఊపాడు. అతన్ని మెచ్చుకుంటూ, చూశారా, మంచి నల్లవాడంటే ఇలా ఉండాలి అన్నట్టు ఆ ఇద్దరికీ పోటీగా నిలబెట్టారు. ఫోర్‌మన్ జెండా ఊపింది తన సంతోషం కొద్దీ. దాన్ని చెంపదెబ్బగా వాడుకుంది చూసినవాళ్ళు.

నార్మన్ సంగతి మరీ చిత్రం. అతను మెల్‌బోర్న్‌లో సాల్వేషన్ ఆర్మీ కుటుంబంలో పెరిగినవాడు. అప్పటికి ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళకే ప్రాధాన్యమిచ్చే వలస విధానం నడుస్తోంది. ఆదివాసులను జనాభా లెక్కల్లో పూర్తిగా చేర్చడానికి రాజ్యాంగం మార్చి అప్పటికి ఏడాది దాటిందంతే. అలాంటి దేశంలో నల్లవాళ్ళ హక్కుల బ్యాడ్జీ పెట్టుకున్న తెల్లవాడికి మర్యాద దక్కుతుందా? 1972 ఒలింపిక్స్ జట్టులో అతను లేడు. ఎంపిక పోటీల్లో సరిగ్గా రాణించలేదు కనుకే తీసుకోలేదని ఆస్ట్రేలియా ఒలింపిక్ కమిటీ ఇప్పటికీ అంటుంది. బ్యాడ్జీకి మూల్యం చెల్లించాడని మిత్రులంటారు. 2006 అక్టోబరులో 64 ఏళ్ళకు గుండెపోటుతో పోయాడు. మెల్‌బోర్న్‌లో అతని శవపేటికను భుజాన మోసినవాళ్ళలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది. 2018లో ఆస్ట్రేలియా ఒలింపిక్ కమిటీ పురస్కారం ఇచ్చింది. 2019లో మెల్‌బోర్న్‌లో విగ్రహం లేచింది. అన్నీ పోయాకే. అతని 20.06 సెకన్లు 56 ఏళ్ళపాటు ఆస్ట్రేలియా రికార్డుగా నిలిచింది. 2024 డిసెంబరులో దాన్ని 20.04తో దాటినవాడు గౌట్ గౌట్ అనే పదహారేళ్ళ కుర్రాడు, దక్షిణ సూడాన్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ.

అలీ కథ మీకు తెలిసిందే, కనుక క్లుప్తంగా. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైనిక భర్తీ కేంద్రంలో పేరు పిలిచారు. ఒక అడుగు ముందుకు వేస్తే సైన్యంలో చేరినట్టు. అతను వేయలేదు. టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది, అయిదేళ్ళ జైలు శిక్ష పడింది. అప్పీలు వల్ల జైలుకు వెళ్ళలేదు గానీ ఒంట్లో బలం నిండుగా ఉన్న మూడున్నరేళ్ళు రింగుకు దూరమయ్యాడు. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతి వెలిగించమని అదే దేశం అతన్నే పిలిచింది. అప్పటికి పార్కిన్సన్ జబ్బు ముదిరి చేతులు వణుకుతున్నాయి, మాట సరిగ్గా రావడం లేదు. ఆ నోరు గడగడా మాట్లాడిన రోజుల్లో ఇష్టపడనివాళ్ళు కూడా ఆ రాత్రి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. కోలిన్ కేపర్నిక్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో ఆట నడిపించేవాడు. ఆ జట్టు సొంత మైదానం శాంటా క్లారాలో ఉంది. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న ఊరు. 2016 ఆగస్టు 26న అక్కడ జరిగిన మ్యాచ్‌లో గీతం వస్తున్నప్పుడు అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఎందుకని విలేకరులు అడిగితే, పోలీసుల చేతుల్లో నల్లవాళ్ళు చనిపోతుంటే కారకులకు శిక్షలు పడడం లేదు, అది మారేదాకా నిలబడను అన్నాడు.

సైనికులకు అవమానం అన్నారు జనం. నేట్ బోయర్ అనే ఆయన ప్రత్యేక దళాల్లో పనిచేసి, తర్వాత ఫుట్‌బాల్ కూడా ఆడినవాడు. ఆయన బహిరంగ లేఖ రాస్తే కేపర్నిక్ పిలిపించుకుని కలిశాడు. కూర్చోవద్దు, మోకాలి మీద నిలువు, చనిపోయిన తోటి సైనికుడి సమాధి ముందు మేము అలాగే మోకరిల్లుతాం అని బోయర్ సలహా ఇచ్చాడు. సెప్టెంబరు 1న శాన్ డీగోలో కేపర్నిక్, సహచరుడు ఎరిక్ రీడ్ మోకరిల్లారు. బోయర్ పక్కనే నిలబడ్డాడు. అభ్యంతరం పద్ధతి గురించే అయితే గొడవ అక్కడితో సమసిపోవాలి. సైనికుడు చెప్పినట్టే చేశాడు కదా! గొడవ పది రెట్లయింది.

ఆ అక్టోబరులో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం జనాభిప్రాయం సేకరిస్తే, నల్లజాతివారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు సమర్థించారు. తెల్లవారిలో దాదాపు ముగ్గురిలో ఇద్దరు వ్యతిరేకించారు. చూసింది ఒకే దృశ్యం. రోడ్డు మీద పోలీసు ఆపితే గుండె దడ పుట్టినవాడికి ఒకలా కనబడింది, ఆ అనుభవం లేనివాడికి ఇంకోలా కనబడింది.

మరుసటి ఏడాది కేపర్నిక్ ఒప్పందం నుంచి బయటికి వచ్చాడు. మరి ఏ జట్టూ తీసుకోలేదు. 2017 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ అలబామా సభలో, మోకరిల్లే ఆటగాళ్ళను యజమానులు తన్ని తగలేయాలని ఒక బూతుమాట జోడించి మరీ అన్నాడు. ఆ ఆదివారమే రెండు వందల మందికి పైగా ఆటగాళ్ళు మోకరిల్లడమో కూర్చోవడమో చేశారు. 2018లో కేపర్నిక్ బొమ్మతో నైకీ ప్రకటన వస్తే కొందరు తమ డబ్బుతో కొనుక్కున్న బూట్లనే తగలబెట్టి వీడియోలు పెట్టారు. 2020 మేలో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయింది. జూన్ 5న ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్, ఆటగాళ్ళ మాట ముందే వినకపోవడం మా తప్పు అని ఒప్పుకున్నాడు. ఆ వీడియోలో కేపర్నిక్ పేరు మాత్రం ఎత్తలేదు. కేపర్నిక్‌కు మళ్ళీ ఆట దక్కలేదు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. జాతీయగీతం అందరిదీ, ఆ ఒకటిన్నర నిమిషం నిలబడటం కనీస మర్యాద అనేవాళ్ళందరూ జాత్యహంకారులు కారు. యుద్ధానికి పంపిన కొడుకు జెండా చుట్టిన పెట్టెలో తిరిగి వస్తే, ఆ తల్లికి ఆ జెండా మీద ఉండే మమకారాన్ని మనం తక్కువ చేయలేం. టికెట్టు కొన్నది ఆట చూడ్డానికి, ఇక్కడ కూడా రాజకీయాలేనా అన్న విసుగూ సహజమే.

కాకపోతే మైదానంలోకి రాజకీయం మొదట తెచ్చింది ఆటగాడా? 2015 నవంబరులో సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక విడుదల చేశారు. సైనికులకు సన్మానాలు, భారీ జెండాల ప్రదర్శనలు వగైరా ఉన్న ఒప్పందాల కోసం అమెరికా రక్షణ శాఖ క్రీడా జట్లకు 68 లక్షల డాలర్లు చెల్లించిందని అందులో తేలింది. ప్రేక్షకులు అభిమానంతో చేస్తున్నారనుకున్న కార్యక్రమాల్లో కొన్ని డబ్బిచ్చి చేయించినవి. మెకెయిన్ అయిదేళ్ళకు పైగా వియత్నాంలో యుద్ధఖైదీగా ఉన్నవాడు, ఆయన దేశభక్తిని శంకించేవాళ్ళు ఉండరు. డబ్బు తీసుకుని చేసిన రాజకీయం పండగలా కనిపించింది. డబ్బు పోగొట్టుకుని చేసిన రాజకీయం ద్రోహంలా కనిపించింది.

ఇంకో మాట తరచు వినిపిస్తుంది. కోట్లు సంపాదిస్తున్నాడు, వాడికి వివక్షేమిటి? 2018లో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ట్రంప్‌ను విమర్శిస్తే ఫాక్స్ న్యూస్‌లో లారా ఇంగ్రహమ్, నోరు మూసుకుని బంతి ఆడుకో అంది. అంతకుముందు ఏడాది, ఎన్‌బీఏ ఫైనల్స్ మొదలయ్యే ముందు రోజు, లాస్ ఏంజెలెస్‌లో అదే లెబ్రాన్ ఇంటి గేటు మీద ఎవరో జాతిని తిట్టే మాట రాసి పోయారు. ఇల్లు ఎంత పెద్దదైనా గేటు మీద రాసేవాడికి కావలసింది ఒక రంగు డబ్బా.

మాట్లాడితే తప్పు, మౌనంగా పిడికిలి ఎత్తితే తప్పు, కూర్చుంటే తప్పు, సైనికుడు చెప్పినట్టు మోకరిల్లితే తప్పు. ఇక మిగిలింది ఏమీ చేయకపోవడమే. అందరూ కోరుకున్నది కూడా అదే. అడుగుతున్న విషయం రుచించనప్పుడు అడిగే పద్ధతి మీద పడతాం.

రంగు అనే కొరడా తెల్లవాళ్ళ చేతిలోనే ఉంటుందనుకోకండి. 2003 ఫిబ్రవరి 10న హరారేలో, ప్రపంచకప్‌లో నమీబియాతో మ్యాచ్. జింబాబ్వే ఆటగాళ్ళు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలొంగా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని దిగారు. మా దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోతోంది, అందుకు సంతాపం అన్నారు. ఫ్లవర్ తెల్లవాడు, ఒలొంగా ఆ దేశానికి ఆడిన మొదటి నల్లజాతి క్రికెటర్. 1998లో షార్జాలో టెండూల్కర్ చితకబాదిన ఒలొంగానే, మనవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ముగాబే ప్రభుత్వ సమాచార మంత్రి జొనాథన్ మోయో ఒలొంగాను నల్ల చర్మం మీద తెల్ల ముసుగు తొడుక్కున్నవాడని ఎద్దేవా చేశాడు. క్లబ్బు వెళ్ళగొట్టింది, ప్రాణభయం పట్టుకుంది, దేశం వదలాల్సి వచ్చింది. అమెరికాలో అడిగితే నువ్వు నల్లవాడివి కనుక నోరు మూసుకో అన్నారు. జింబాబ్వేలో అడిగితే నువ్వు నల్లవాడివే కావన్నారు.

మరి మనం? మన దగ్గరకూ ఈ కథ వచ్చింది.

2021 జనవరి, సిడ్నీ టెస్టు. హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్నాడు. రెండు నెలల కిందటే తండ్రి పోయాడు, ఆస్ట్రేలియాలో ఉండిపోయి చివరిచూపుకు కూడా రాలేకపోయాడు. గ్యాలరీలోంచి జాతిని ఎత్తి తిట్లు. సిరాజ్ ఊరుకోలేదు. కెప్టెన్ రహానేకు చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు, ఆట ఆగింది. ఆరుగురిని బయటికి పంపారు. ఆ ఆరుగురూ తిట్టినవాళ్ళు కారని తర్వాత విచారణలో తేలింది గానీ, తిట్లు నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. తర్వాతి టెస్టులో బ్రిస్బేన్‌లో సిరాజ్ ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. అప్పుడు తెలుగునాట ప్రతి ఇల్లూ అతని పక్షమే. ఆటలో ఇవన్నీ మామూలే, సర్దుకుపో అని ఒక్కరూ అనలేదు. అనకూడదు కూడా.

సరిగ్గా ఏడు నెలల ముందు, 2020 జూన్‌లో, వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక మాట బయటపెట్టాడు. తాను సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరాను రంగును బట్టి పిలిచేవాళ్ళని, అదేదో మెచ్చుకోలు అనుకుని తానూ నవ్వేవాడినని, ఆలస్యంగా తెలిసి మనసు నొచ్చుకుందని చెప్పాడు. అప్పుడు వినిపించిన మాటలేమిటి? అది ముద్దుగా అన్నది. మా ఊళ్ళో అన్నదమ్ములనూ అలాగే పిలుచుకుంటాం. ఇంత చిన్నదానికి రాద్ధాంతమా. సహచరుడు ఒకరు ఫోన్ చేసి అభిమానంతోనే అన్నామని చెబితే సామీ నమ్మాడు, క్షమాపణ అక్కర్లేదన్నాడు. అది అతని పెద్దమనసు. మన సంగతి వేరు. ఎద్దు పుండు కాకికి నొప్పా! సిడ్నీ తిట్టు మనకు వెంటనే వినబడింది. హైదరాబాద్ జట్టులో పిలుపు వినబడలేదు.

2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్‌తో మ్యాచ్ ముందు భారత జట్టంతా మోకాలి మీద నిలబడింది, జాతి వివక్షకు వ్యతిరేకంగా. మినియాపొలిస్ దుఃఖానికి సంఘీభావం. మంచిదే. ఆ రాత్రి పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. మ్యాచ్ అయ్యీ అవ్వగానే మహమ్మద్ షమీ మీద మతాన్ని ఎత్తి సోషల్ మీడియాలో తిట్ల వాన. వారం తిరగకుండా కెప్టెన్ కోహ్లి విలేకరుల ముందు కూర్చుని, మతాన్ని బట్టి మనిషి మీద దాడి చేయడం అన్నిటికంటే హీనమైన పని అని తేల్చి చెప్పాడు. ఆ మాటకు అతనికీ తిట్లు పడ్డాయి. దుబాయిలో మోకరిల్లినందుకు జట్టు పెద్ద మూల్యమేమీ చెల్లించలేదు. దూరపు దుఃఖం కాబట్టి ఖర్చు లేదు. పక్కనున్నవాడి కోసం నోరు విప్పాకే ఖర్చు మొదలైంది.

2005లో శాన్ హోసే స్టేట్ ఆవరణలో స్మిత్, కార్లోస్‌ల పెద్ద విగ్రహాలు పెట్టారు. రెండో స్థానం మెట్టు ఖాళీగా ఉంచారు. నార్మన్ కోరిక అది. వచ్చినవాళ్ళు ఎవరైనా అక్కడ నిలబడవచ్చునని. మన పిల్లలు కూడా ఎక్కి ఫొటోలు దిగుతుంటారు. దిగవలసిందే. అయితే ఆ మెట్టు మీద ఇవాళ నిలబడటం చాలా తేలిక. 1968 అక్టోబరు 16న అక్కడ నిలబడింది ఒక్కడే.

పతకాల వేదిక మీద నిరసన ఇప్పటికీ నిషేధమే. 2021 టోక్యో ఆటలకు పోటీ మొదలయ్యే ముందు కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ, వేదిక జోలికి రావద్దన్నారు. 2024 పారిస్‌లోనూ అంతే. 2028లో ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో. ఈసారి క్రికెట్ కూడా ఉంది, కాబట్టి మనమంతా టీవీల ముందే ఉంటాం. ఏ ఆటగాడో, ఏ ఆటగత్తో పిడికిలి ఎత్తవచ్చు, మోకరిల్లవచ్చు, చేతికి పట్టీ కట్టుకోవచ్చు. మన దేశం వాళ్ళే కావచ్చు, అడిగింది మనల్నే కావచ్చు. ఒప్పుకోవాలని లేదు. వాళ్ళు చెప్పింది అబద్ధమైతే అబద్ధమని వాదిద్దాం. కానీ ఎక్కడ చెప్పాడు, ఎలా చెప్పాడు, ఎంత సంపాదిస్తున్నాడు అన్న ప్రశ్నలు వెనక పెట్టి, ఏం చెప్పాడు, అది నిజమా అన్న ప్రశ్న ముందు వేసుకుందాం. విగ్రహాలకు ముందు తరాలు ఎలాగూ దండలు వేస్తాయి. మన వంతు వచ్చేది మనిషి వేదిక మీద ఉన్నప్పుడే.